ఒకే బ్లాకులో గదులిస్తే సరిపోదు

ఒకే ఆసక్తి ఉన్న పిల్లల్ని ఒకే హాస్టల్ బ్లాకులో ఉంచి ఊరితోనూ పరిశ్రమతోనూ కలపాలన్న వ్యాసం బాగుంది. కానీ ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో 2020-21 సిలబస్ మార్పుతోనే విద్యార్థి ఊళ్లోకెళ్లి పనిచేయాల్సిన 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది కదా. అది చెడేది ఏ రోజు ఏం చేశామో రాసే లాగ్‌బుక్ దగ్గరే. ఎవరి ఊళ్లో వాళ్లు విడిగా చేస్తే, ఆఖరి వారంలో తేదీలన్నీ ఒకే పెన్నుతో నిండిపోతాయి. అందుకే నలుగురు రూమ్మేట్లకు ఒకే ఊరివ్వాలి. ఇద్దరు ఇంటింటి సర్వే చేస్తే, ఇద్దరు బోరునీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మోతాదు, కొలవాలి. లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటిన బోర్లను విడిగా రాసుకోవాలి. సర్వేకు సాయంత్రం ఆరు తర్వాతే వెళ్లాలి, పగలు జనం పొలాల్లో ఉంటారు. ఆ బోర్ల పట్టిక చేతిలో ఉంటేనే నీటిశుద్ధి కంపెనీ ఇంజినీరు కూర్చుని మాట్లాడతాడు. ఉత్త పరిచయ లేఖతో వెళ్తే టీ ఇచ్చి పంపేస్తాడు.