జయపురంలో డీఎస్‌జీ ఎవరు విప్పుతారు?

మొన్న రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఒక బండి ఫోటోలు వరసపెట్టి పంపాడు. ఎర్ర రంగు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, 2016 మోడల్, డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న విశాఖ బండి. కింద ఒకటే ప్రశ్న: "అన్నియ్యా, ఇది ఆటోమేటిక్ అంట. తీసేసుకోనా, మాన్యువల్ దొరికేదాకా ఆగనా?"

వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్న హైదరాబాద్‌లో ఉన్నవాడు అడిగితే నా సమాధానం ఒకటి, ఒడిశాలోని జయపురంలో ఉన్నవాడు అడిగితే ఇంకొకటి. మావాడు ఉండేది జయపురంలో. కోరాపుట్ వెళ్లాలన్నా ఘాటీ ఎక్కాల్సిందే, విశాఖ వెళ్లాలంటే ఆ ఘాటీ ఎక్కి, పొట్టంగి దాటి, సుంకి దగ్గర ఇంకో ఘాటీ దిగి, సాలూరు, విజయనగరం మీదుగా రెండొందల కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. ఆ రోడ్డు నిండా రాయ్‌పూర్ వైపు నుంచి వచ్చే లారీలే. ఎంత గొప్ప బండైనా బతకాల్సింది ఈ రోడ్డు మీద.

మా వైపు స్పోర్ట్స్ కారంటే పోర్షే, ఫెరారీ అని ఎవరూ అనుకోరు లెండి. పోలో జీటీ, ఫియట్ అబార్త్ పుంటో, స్కోడా లారా ఆర్‌ఎస్, చెయ్యి తిరిగినవాళ్లకు ఆక్టేవియా ఆర్‌ఎస్, ఈ మధ్య హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. చూడ్డానికి సంసారుల కార్లలాగే ఉంటాయి, తొక్కితే మాత్రం వీపు సీటుకు అతుక్కుంటుంది. వీటిలో చాలావాటిని కొత్తగా కొందామన్నా కుదరదు, ఫియట్ మన దేశంలో దుకాణం కట్టేసింది, పోలో 2022లో ఆగిపోయింది. కాబట్టి సెకండ్‌హ్యాండే గతి.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా "మాన్యువల్ అయితేనే మజా" అని ఒకడు, "ఇప్పుడు ఆటోమేటిక్కే ఫాస్ట్" అని ఇంకొకడు కొట్టుకుంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, అందుకే ఆ గొడవ తెగదు. వేగం సంగతి ఎప్పుడో తేలిపోయింది. 1989లో ఫెరారీ స్టీరింగ్ వెనక మీటలతో గేరు మార్చే ఫార్ములా వన్ కారును బ్రెజిల్‌లో దింపితే మొదటి రేసులోనే వాళ్ల డ్రైవర్ నైజెల్ మాన్సెల్ గెలిచాడు. 1997లో అదే ఏర్పాటు ఫెరారీ ఎఫ్355 కారుతో రోడ్డు మీదికొచ్చింది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32లో డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లను మిషనే నడిపే గేర్‌బాక్స్, పెట్టాక, కాలూ చెయ్యీ కలిసి చేసే పనిలో మిషన్‌ను కొట్టే మనిషి లేడని అందరూ ఒప్పుకున్నారు. ఆ ధైర్యంతోనే పోర్షే 2013లో 911 జీటీ3ని ఆటోమేటిక్‌గా మాత్రమే ఇచ్చింది. కొన్నవాళ్లు సణిగారు. 2016లో మాన్యువల్‌తో మాత్రమే వచ్చిన 911 ఆర్ మీద జనం ఎగబడ్డారు, 2017 జీటీ3లో మూడో పెడల్, అదే క్లచ్, మళ్లీ వచ్చి కూర్చుంది. నెమ్మదైన గేరుకే ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లున్నారని పోర్షేకే తెలిసొచ్చింది, ఇక మనమెంత.

కానీ ఇదంతా కొత్త బండి కొనేవాడి తగువు. పాత బండి కొనేవాడు అడగాల్సినవి వేరు. ముందున్నవాడు ఆ గేర్‌బాక్స్‌ను ఏం చేశాడు? రేపు అది మొరాయిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో దాన్ని విప్పగల మనిషి ఉన్నాడు? నా మట్టుకు ఈ రెండింటి ముందు మజా, పికప్ అన్నీ తర్వాతే.

ఆటోమేటిక్ అని బ్రోకరు ఒక్క ముక్కలో చెప్పేస్తాడు గానీ లోపల ఉండేవి వేర్వేరు జంతువులు. టార్క్ కన్వర్టర్ ఉన్నదాంట్లో ఇంజనుకూ గేర్లకూ మధ్య నూనె తిరుగుతుంది, బండి కదిలేటప్పుడు రాపిడికి గురయ్యే క్లచ్ ప్లేటు అక్కడ ఉండదు కాబట్టి ఘాటీలో లారీ వెనకాల గంటసేపు పాకినా పెద్దగా పట్టించుకోదు. డ్యూయల్ క్లచ్ కథ వేరు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్లు డీఎస్‌జీ అనేది దీన్నే. ఒకటి, మూడు, ఐదు, ఏడు గేర్లు ఒక క్లచ్ మీద, రెండు, నాలుగు, ఆరు ఇంకో క్లచ్ మీద ఉంటాయి, మీరు మూడులో ఉండగానే అది నాలుగు వేసి రెడీగా కూర్చుంటుంది. అందుకే అంత చురుకు. ఇందులో మళ్లీ తడి, పొడి అని రెండు రకాలు. 2017 నాటి ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఉన్న ఆరు గేర్ల డబ్బాలో క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయి. మావాడు పంపిన 1.2 లీటర్ల పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్నది ఏడు గేర్ల పొడి రకం, వేడి పోవడానికి గాలి తప్ప ఇంకో దారి లేదు.

డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు మనందరికీ మొట్టికాయలు పడింది ఒకే విషయానికి: హాఫ్ క్లచ్ మీద బండిని ఆపి ఉంచకు అని. పొడి డ్యూయల్ క్లచ్ ట్రాఫిక్‌లో పాకేటప్పుడు చేసే పని సరిగ్గా అదే. మన కాలికి తెలియదు, అంతే తేడా.

నాకు ఇదెలా తెలిసొచ్చిందో చెబుతా. కొన్నేళ్ల కిందట నా దగ్గరా ఒక పొడి డ్యూయల్ క్లచ్ బండి ఉండేది, సెకండ్‌హ్యాండే, కంపెనీ పేరు ఎందుకు లెండి. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కుతుంటే ఒక వంపులో లోడు లారీ ఆగిపోయింది. వెనక బళ్లన్నీ గజం కదలడం, ఆగడం, మళ్లీ గజం కదలడం. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఎత్తులో బండి వెనక్కి జారకుండా బ్రేకు మీద కాకుండా ఎక్సలేటర్ మీద కాలు ఆన్చి నిలబెట్టాను. ముప్పావుగంటకు కాలిన వాసన మొదలైంది. లారీ బ్రేకుల వాసనేమో అనుకుని అద్దం ఎత్తుకున్నా. అద్దం ఎత్తాక వాసన ఇంకా ఎక్కువైంది. డ్యాష్‌బోర్డు మీద గేర్‌బాక్స్ వేడెక్కిందని లైటు, ఆ తర్వాత ఎంత తొక్కినా ఇంజను అరుస్తుందే గానీ బండి కదలదు. పక్కకు తోసి పెట్టి గంటన్నర ఆగితే చల్లారి కదిలింది గానీ, ఇంటికెళ్లేసరికి రెండో గేరు మాయం. ఒకటి నుంచి మూడులోకి గెంతుతోంది.

అసలు బాధ ఆ తర్వాతే. పక్కింటాయన జీపుకు తాడు కట్టి లాక్కెళ్దాం రమ్మన్నాడు, మంచి మనిషి. ఆటోమేటిక్‌ను ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లేలా లాగితే ఉన్నది కూడా పోతుందని ఆయనకు చెప్పి ఒప్పించడానికే అరగంట పట్టింది. ఇలాంటివి తోస్తే స్టార్ట్ అయ్యే రకాలూ కావు, బ్యాటరీ చచ్చినా అంతే సంగతి. బండిని మొత్తంగా పైకెక్కించుకునే వాహనం విశాఖ నుంచి రావాలి. వచ్చింది, మర్నాడు సాయంత్రానికి. రిపేరు బిల్లు లక్ష దాటింది. తప్పులో సగం నాదే, ఒప్పుకుంటా. కానీ మాన్యువల్ మీద అదే తప్పు చేసుంటే ఒక క్లచ్ సెట్టుతో పోయేది.

ఆ మాట ఊరికే అనడం లేదు. మా ఊళ్లో ఒక షెడ్డు ఉంది, నాలుగు రేకులు, ఒక వేపచెట్టు. అక్కడి మేస్త్రి తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతాడు, ఏం అడిగినా ముందు "చలిబొ, బాబూ, చలిబొ" అంటాడు, నడిచిపోతుందిలే అని. ఒకరోజు నేను వెళ్లేసరికి గోనెసంచి మీద ఒక మాన్యువల్ గేర్‌బాక్స్ దించి పెట్టాడు, పక్కనే ఊడదీసిన క్లచ్. ప్లేటు అరిగి రివిట్ల తలలు బయటికి తేలాయి. ప్రెషర్ ప్లేటు మీద నెమలి మెడ రంగులో మచ్చలు. వేలితో వాటిని చూపించి, "ఈ నీలాలు చూసారా బాబూ, కాలిపోనాది. ఈడు క్లచ్చి మీంచి కాలు తియ్యకుండా నడిపీసాడు" అన్నాడు. ఓనరు మొహం కూడా చూడకుండా వాడి కాలి జాతకం చెప్పేశాడు. సాయంత్రానికి కొత్త ప్లేటు వేసి బండి రోడ్డు మీద పెట్టాడు. అదే మేస్త్రిని డీఎస్‌జీ గురించి అడిగితే చేతులు తుడుచుకుంటూ, "ఆ డబ్బా నాను ముట్టను బాబూ" అన్నాడు. అది పొగరు కాదు, నిజాయితీ. దానికి కంప్యూటర్ కావాలి, ప్రత్యేకమైన పనిముట్లు కావాలి, క్లచ్‌లు బిగించాక వాటి కొలతలు గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌కు మళ్లీ నేర్పించాలి. అవన్నీ ఉన్న మనిషి ఘాటీ కింద ఉన్నాడు.

పొడి డీఎస్‌జీకి పాత మచ్చ కూడా ఒకటుంది. కంట్రోల్ యూనిట్‌లో సింథటిక్ నూనె వల్ల కరెంటు లోపాలు వస్తున్నాయని 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల బళ్లను వెనక్కి పిలిచి మినరల్ నూనె పోయించింది. మావాడు చూసిన 2016 బండి ఆ తర్వాతిదే. నూనె గొడవ తీరినా క్లచ్‌లు పొడివే కదా. ఇంకో తిరకాసు చూడండి, 2020లో బీఎస్‌6 కాలుష్య నిబంధనలు వచ్చాక అదే పోలో జీటీ టీఎస్‌ఐ పేరుతో ఒక లీటరు ఇంజను పెట్టి, డీఎస్‌జీ తీసేసి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఇచ్చారు. పేరొకటే, బ్యాడ్జీ ఒకటే, డబ్బా పూర్తిగా వేరు. ఆ బండి దొరికితే నేను కళ్లు మూసుకుని కొనమంటాను, సరే, ఒక కన్ను తెరుచుకుని.

అయితే మాన్యువల్ అనగానే నిశ్చింత అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఈ రకం మాన్యువల్ బళ్లు ఎక్కువగా కుర్రాళ్ల చేతుల్లో నలిగుంటాయి. చాలామంది ఇంజను సాఫ్ట్‌వేర్ మార్పించి పవరు పెంచుకుంటారు, అమ్మేముందు మళ్లీ మామూలుగా చేసేస్తారు, క్లచ్ మాత్రం మామూలుగా అవ్వదు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభైలో పోతూ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, స్పీడు దాని వెంట రాకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకటి నుంచి రెండులోకి కాస్త గబుక్కున వేయండి, పళ్లు నూరిన చప్పుడైతే గేర్లను మెత్తగా కలిపే సింక్రో పోయినట్టు. అబార్త్ పుంటో లాంటిదాంట్లో గేర్‌బాక్స్ మొండిదే గానీ, కంపెనీయే లేని చోట మిగతా సామాన్ల కోసం కాళ్లరిగేలా తిరగాలి, అదీ లెక్కలో వేసుకోవాలి. లారా ఆర్‌ఎస్ మాన్యువల్ చాలా మంచి బండి, కానీ అది 2011 కాలం నాటిది, వయసు అడక్కుండా ప్రేమించకూడదు.

దిగేటప్పుడు ఇంకో సంగతి. సుంకి దిగుతుంటే మాన్యువల్ వాడు రెండో గేరులో వేసి ఇంజను పట్టు మీద వదిలేస్తాడు. ఆటోమేటిక్ వాడు డీ (డ్రైవ్)లో వదిలేస్తే చాలా బళ్లు పై గేర్లకు పోతాయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మీటలతో గేరు తగ్గించొచ్చు, ఆ మీటలు ఉన్నది అందుకే, కానీ వాటిని ముట్టుకునేవాళ్లు ఎంతమంది?

ఇన్ని చెప్పాక కూడా మా ఇంట్లో ఇప్పుడున్నది ఆటోమేటిక్కే, టార్క్ కన్వర్టర్. మా ఆవిడ నడుపుతుంది, నా ఎడమ మోకాలు యాభై దాటాక క్లచ్ అంటే మొహం తిప్పుకుంటోంది. ఘాటీలో లారీ వెనక ఇరుక్కున్నప్పుడు ఆ సుఖమే వేరు, కాదనను. తడి డీఎస్‌జీ ఉన్న ఆక్టేవియా ఆర్‌ఎస్ అయినా పర్వాలేదు, అరవై వేల కిలోమీటర్లకోసారి గేర్‌బాక్స్ నూనె మార్చిన బిల్లులు చూపిస్తే. "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్" అని ఎవడైనా అంటే ఎవరి లైఫ్ అని అడగండి.

మావాడికి మర్నాడు చెప్పింది ఇది. ఇరవై ఆరేళ్ల వాడివి, మోకాళ్లు బాగున్నాయి, నీ ఊళ్లో మాన్యువల్ విప్పగల చేతులు పది ఉన్నాయి, రేపు అమ్మినా ఇక్కడ మాన్యువల్‌కే గిరాకీ. కాబట్టి మాన్యువల్ చూడు. పోలోలోనే జీటీ టీడీఐ డీజిల్ అయితే మాన్యువలే, దాని తోపుకు ఘాటీ లెక్కే కాదు. ఆ ఎర్ర బండే కావాలని మనసు లాగితే, ఒక గేర్‌బాక్స్ రిపేరు ఖర్చు ధరలోంచి ముందే కొట్టించి మాట్లాడు. ఆంధ్రా నంబరు కాబట్టి ఎన్‌ఓసీ, పన్నెండు నెలల్లోపు ఒడిశా నంబరు, ఇక్కడి రోడ్డు పన్ను, అదో ఖర్చు మర్చిపోకు. చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, బండిని ముట్టుకోవద్దని ఓనరుకు ముందే చెప్పు, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి నడుపు, అరగంట ట్రాఫిక్‌లో తిప్పి వేడెక్కాక ఒకసారి నడుపు, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద రివర్సులో మెల్లగా ఎక్కించు. క్లచ్‌లు అరిగుంటే అక్కడ వణుకు తెలుస్తుంది.

ఆదివారం రాత్రి బస్సెక్కి పోయాడు. సోమవారం పొద్దున్న ఏడున్నరకు ఫోన్.

"అన్నియ్యా, వచ్చీసాను. బండి నిన్నట్నుంచి తియ్యలేదని చెప్పినాడు. బానెట్ మీద చెయ్యేసాను."

"ఊఁ?"

"పెనంలా ఉంది."

తిరుగు బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నాను.