తలుపు మూసి చాటింపా?

విడాకుల కేసు విచారణకు వచ్చిందంటే జడ్జిగారు హాలు ఖాళీ చేయిస్తారు. కేసుతో సంబంధం లేనివాళ్లు బయటికి నడవాల్సిందే. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఆజ్ఞ అది. మొదట్లో ఎవరో ఒకరు కోరితేనో, కోర్టుకు తోస్తేనో తలుపు మూసేవారు. 1976 సవరణతో అది తప్పనిసరి అయింది. యాభై ఏళ్లుగా తలుపులు శ్రద్ధగానే మూస్తున్నారు. లోపల జరిగేదేమిటో బయట చాటింపు వేస్తున్నది కూడా ఆ కోర్టే. మా అభ్యంతరం అదే.

కోర్టు కేసుల వివరాలు చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్ తెరవండి. జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, పార్టీ పేరులో మూడక్షరాలు కొట్టి, సంవత్సరం వేసి, క్యాప్చా నింపండి. పేర్లకు ముసుగు వేయని కోర్టయితే ఎఫ్.సి.ఓ.పి. (ఫ్యామిలీ కోర్టు పిటిషన్) నంబరు, భర్త పేరు, భార్య పేరు, ఇద్దరి వకీళ్లు, మొదటి రోజు నుంచి వాయిదాల చిట్టా మొత్తం వచ్చేస్తుంది. నువ్వెవరు, నీకెందుకు అని అడిగే నాథుడు లేడు. ఆ కిందే చట్టం, సెక్షన్ అని ఓ గడి ఉంటుంది. అసలు విషం అక్కడుంది. 13(1)(ఐ) అంటే వివాహేతర సంబంధం. (ఐఏ) అంటే క్రూరత్వం. (ఐఐఐ) మతిస్థిమితం, (వి) సుఖవ్యాధి. వివాహం రద్దు చేయమని 12(1)(ఏ) కింద వేస్తే నపుంసకత్వం. ఒక్క సాక్షినీ విచారించక ముందే, పిటిషన్‌కు నంబరు పడిన రోజే, ఎదుటి మనిషి మీద వేసిన నింద బంధువులకూ, ఆఫీసు వాళ్లకూ, రేపు పెళ్లిచూపులకు రాబోయే వాళ్లకూ అందుబాటులోకి వస్తుంది. పిటిషన్ కొట్టేసినా ఆ గడి చెరగదు.

న్యాయం బహిరంగంగా జరగాలన్నది గొప్ప సూత్రమే. 1966లో మిరాజ్‌కర్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని గట్టిగా చెప్పింది, అవసరమైతే విచారణను మూయవచ్చనీ చెప్పింది. మొదటి పెళ్లి దాచి రెండో సంబంధానికి వచ్చేవాళ్లను పట్టుకోవద్దా అనేవాళ్లూ ఉన్నారు. పట్టుకోవచ్చు. కోర్టు ముద్ర ఉన్న విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ తెమ్మనండి, సరిపోతుంది. అందుకోసం ఊళ్లోవాళ్ల పేర్లన్నీ ఆరబెట్టనక్కర్లేదు.

నిజానికి బహిరంగ న్యాయం కూడా ఇక్కడ జరగడం లేదు. కాలక్షేపానికి వెతికేవాడికి పేరు, నింద దొరుకుతున్నాయి. పిల్లల కస్టడీ తల్లికి ఎప్పుడిస్తున్నారు, తండ్రికి ఎప్పుడిస్తున్నారు, మనోవర్తి లెక్క ఎలా కడుతున్నారు అని తెలుసుకోవాలనుకునేవాడికి ఫ్యామిలీ కోర్టు తీర్పు దొరకడం గగనం. దాచాల్సింది చాటి, చాటాల్సింది దాస్తున్నారు. ఇంగ్లండ్, వేల్స్ ఫ్యామిలీ కోర్టులు దీన్ని తలకిందులు చేశాయి. లీడ్స్, కార్లైల్, కార్డిఫ్‌లలో 2023లో ప్రయోగం చేసి, 2025 జనవరి నుంచి అన్ని చోట్లకూ విస్తరించాయి. విలేకరి లోపల కూర్చోవచ్చు, కోర్టు అనుమతి మేరకు విన్నది రాయవచ్చు, కుటుంబం ఎవరో పోల్చుకునేలా మాత్రం రాయకూడదు.

మన చట్టాల్లో ఇంకో వింత. ఈ రక్షణ అందరికీ ఒకటి కాదు. హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం కింద గోప్యత తప్పనిసరి. క్రైస్తవ దంపతులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో అది కోర్టు ఇష్టం. ముస్లిం దంపతులకైతే ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షనే దిక్కు, అడిగితే మూస్తారు. కస్టడీ పిటిషన్ (జి.డబ్ల్యూ.ఓ.పి.) వేసేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద. నేరాల్లో బాధితులైన పిల్లల పేరు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఆరు నెలల జైలు దాకా చూపిస్తుంది. అమ్మానాన్నల మధ్య నలిగే పిల్లవాడి ఊసు అందులో నేరుగా లేదు. ఆ పిటిషన్లో వాడి పేరు, వయసు, బడి, తరగతి అన్నీ ఉంటాయి.

ఫైలు కూడా రోజురోజుకూ బరువెక్కుతోంది. మనోవర్తి అడిగినా, ఇవ్వాల్సి వచ్చినా మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లతో సహా ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యాభర్తలు ఒకరికొకరు తెలియకుండా రికార్డు చేసిన ఫోన్ మాటలు కూడా సాక్ష్యంగా చెల్లుతాయని 2025 జులైలో తీర్పిచ్చింది. ఇక పడకగది మాటలు పెన్‌డ్రైవ్‌లో ఎగ్జిబిట్ నంబరు వేయించుకుంటాయి. ప్రముఖుల కేసైతే పిటిషన్ మొదటి పేజీ ఫొటో సాయంత్రానికల్లా వాట్సాప్‌లో తిరుగుతుంది, యూట్యూబ్ థంబ్‌నెయిల్ అవుతుంది. దానికి 22వ సెక్షన్ చూపే శిక్ష ఎంత? వెయ్యి రూపాయల దాకా జరిమానా. 1955లో రాసిన వెయ్యి, నేటికీ అంతే. ఆ రోజుల్లో అది భయపెట్టే మొత్తం, ఇప్పుడు ఒక్క వీడియో ప్రకటనల ఆదాయానికి చిల్లర.

హైకోర్టుల సంగతి మరీ విడ్డూరం. హిందూ వివాహ చట్టం కింద హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను ప్రచురించాలన్నా కోర్టు ముందస్తు అనుమతి ఉండాలి. అప్పీళ్ల తీర్పులు పేర్లతో సహా వెబ్‌సైట్లో పెట్టేస్తుంటే, ప్రైవేటు న్యాయ సైట్లు అదే రోజు కాపీ చేసుకుంటుంటే, అనుమతి ఎవరు అడిగారు, ఎవరిచ్చారు? చాటింపు వేసేవాడే చట్టం కాపలాదారు అయినప్పుడు ఈ ప్రశ్న ఎవరినడగాలి?

2022 డిసెంబరులో కేరళ హైకోర్టు, కుటుంబ కేసుల్లో పార్టీలు కోరితే వారి వివరాలు వెబ్‌సైట్లో పెట్టవద్దని తన రిజిస్ట్రీని (కోర్టు కార్యాలయాన్ని) ఆదేశించింది. మంచిదే, చాలదు. ‘కోరితే’ అన్న మాటే చిక్కు. కోరడానికి పిటిషన్ వేయాలి, వకీలుకు ఫీజు ఇవ్వాలి, వాయిదాలకు తిరగాలి. ఆలోపు పేరు పది సైట్లకు పాకుతుంది. కోర్టు తన కాపీకి ముసుగు వేసినా వాటి దగ్గర పాతదే మిగులుతుంది. కొన్నిచోట్ల తీర్పు నెత్తిన పేరు కొట్టేసి, నాలుగో పేరాలో అదే పేరు, బిడ్డ చదివే బడి వదిలేస్తున్నారు. తీర్పు రాసేటప్పుడే పేర్లూ చిరునామాలూ విడి పేజీలో ఉంచి, లోపల భార్య, భర్త, బిడ్డ అని రాస్తే ఈ తంటా ఉండదు.

పత్రికలకూ ఇందులో భాగముంది, మాకూ ఉంది. సమన్లు అందని ప్రతివాదికి కోర్టు పేపర్ నోటీసు వేయమంటుంది. ఫలానా వారి కుమార్తె, ఇంటి నంబరు, వీధి, ఫలానా సెక్షన్ కింద విడాకుల పిటిషన్, ఉదయం 10.30కు హాజరు కానిచో ఎక్స్‌పార్టీగా నిర్ణయించబడును. ఈ చాటింపుకు మేం డబ్బు పుచ్చుకుంటున్నాం. నోటీసు తప్పదు, ఎదుటివారికి కబురు అందాలి. సెక్షన్ ఎందుకు? పేరు, కోర్టు, కేసు నంబరు, తేదీ చాలవా?

ఈ-కోర్ట్స్ మూడో దశకు 7,210 కోట్లు కేటాయించారు. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో బాధితుల పేర్లకు ముసుగు వేస్తున్న సాఫ్ట్‌వేరే ఇది. ఎఫ్.సి.ఓ.పి., హెచ్.ఎం.ఓ.పి. (హిందూ వివాహ పిటిషన్), జి.డబ్ల్యూ.ఓ.పి., గృహహింస కేసులన్నింటికీ ఫైలింగ్ కౌంటర్‌లోనే, ఎవరూ అడగకుండానే, పేరూ సెక్షనూ కనపడకుండా చేయాలి. అందుకు పార్లమెంటు కూర్చోనక్కర్లేదు, హైకోర్టు రిజిస్ట్రీ నుంచి ఒక సర్క్యులర్ చాలు. ఆ ఒక్క కాగితం మీద సంతకానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో, హాలు ఖాళీ చేయించేటప్పుడు అంత గంభీరంగా ఉండే పెద్దలే చెప్పాలి.