బెల్టు వదిలేసి బయటికి నడిచిన ఛాంపియన్

2022 జనవరి 23, ఆదివారం పొద్దున. అమెరికాలో ఇంకా శనివారం రాత్రే. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో యూఎఫ్‌సీ 270 ఆఖరి పోటీ నడుస్తోంది. యూఎఫ్‌సీ అంటే ఎంఎంఏ పోటీలు నడిపే అమెరికా సంస్థ; ఎంఎంఏ అంటే గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. మన దగ్గర ఎంఎంఏ చూసేవాళ్ళకు ఇది అలవాటే, పెద్ద పోటీలు చాలావరకు ఆదివారం టిఫిన్ల వేళకే వస్తాయి. ఆ రోజు హెవీవెయిట్ ఛాంపియన్ ఫ్రాన్సిస్ ఎన్‌గానూ మొదటి రెండు రౌండ్లలో వెనకబడిపోయాడు. ఎదురుగా ఉన్న సిరిల్ గాన్ ఒకప్పుడు పారిస్‌లో అతనితో ఒకే జిమ్‌లో ప్రాక్టీస్ చేసినవాడే. చురుగ్గా కదులుతూ, తన్ని తప్పుకుంటూ అందకుండా తిరుగుతున్నాడు. మూడో రౌండ్‌లో గాన్ విసిరిన కాలిని ఎన్‌గానూ ఒడిసిపట్టుకున్నాడు. మనిషిని అమాంతం ఎత్తి నేలకేసి కొట్టాడు.

గుద్దడం తప్ప ఇంకేమీ రాదని పేరుపడ్డ మనిషి, అక్కడి నుంచి పట్లు పట్టి ఆట నడిపించాడు. ఐదో రౌండ్‌లో గాన్ అతన్ని కింద పడేశాడు కూడా. కానీ పైచేయి నిలబెట్టుకోకుండా కాలి పట్టుకు ఆశపడి, చేతికొచ్చిన అవకాశాన్ని జారవిడుచుకున్నాడు. మిగిలిన సమయమంతా ఎన్‌గానూయే పైన. ముగ్గురు జడ్జీలూ అతనికే ఓటేశారు: 48-47, 48-47, 49-46. ఆ పోటీకి మూడు వారాల ముందే అతని మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్నాయన్న సంగతి తర్వాత బయటికి వచ్చింది. మార్చిలో ఆపరేషన్ అయింది.

సాధారణంగా గెలిచినవాడి నడుముకు బెల్టు చుట్టేది యూఎఫ్‌సీ అధినేత డానా వైట్. ఆ రాత్రి ఆయన కేజ్‌లోకి రాలేదు. బెల్టు మరో ఉద్యోగి కట్టాడు. ఎన్‌గానూ కథ నాకు ఇక్కడే ముడిపడుతుంది. అతని జీవితంలో అతి పెద్ద పోటీ గాన్‌తో కాదు, అంతకుముందు ఛాంపియన్ స్టీపే మియోచిచ్‌తో కాదు, బాక్సర్ టైసన్ ఫ్యూరీతో కాదు. ఒక కాగితంతో. ఆ కాగితం పేరు కాంట్రాక్ట్.

ఎన్‌గానూ 1986లో కామెరూన్‌లోని బాటియే అనే ఊళ్లో పుట్టాడు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇల్లు. పదేళ్లు దాటీ దాటకముందే ఇసుక క్వారీలో పారపట్టాడు. ఆ భుజాలు జిమ్‌లో పెరిగినవి కావు. బాక్సర్ కావాలన్న కోరిక ఒక్కటే పట్టుకుని 2012లో ఇల్లు విడిచాడు. సహారా ఎడారి దాటి మొరాకో చేరాడు. అక్కడ దాదాపు ఏడాదిపాటు స్పెయిన్ సరిహద్దు దాటేందుకు పదేపదే ప్రయత్నించాడు. ముళ్లకంచెలు చీల్చాయి. దొరికిన ప్రతిసారీ పోలీసులు తీసుకెళ్ళి ఎడారిలో వదిలేసేవాళ్ళు. మళ్ళీ నడుచుకుంటూ వచ్చేవాడు. మార్కెట్ చెత్తకుప్పల్లో తిండి ఏరుకున్న రోజుల గురించి అతను దాపరికం లేకుండా చెబుతాడు. చివరికి గాలి నింపిన చిన్న పడవలో స్పెయిన్ చేరితే, అక్కడ రెండు నెలలు నిర్బంధం. 2013లో పారిస్ చేరాక నిద్ర ఒక పార్కింగ్ లాట్‌లో.

ఈ భాగాన్ని అందరూ చెప్పుకుంటారు. యూఎఫ్‌సీ కూడా ప్రచారంలో బాగానే వాడుకుంది. కటిక పేదరికం నుంచి కోట్లదాకా, చూడండి అన్నట్టు. నాకు మాత్రం ఇందులో వేరే విషయం కనిపిస్తుంది. ఇన్నిసార్లు వెనక్కి తోసినా మళ్ళీ కంచె దగ్గరికి వచ్చిన మనిషిని ‘ఇదే ఆఖరి మాట, సంతకం పెట్టు’ అని బెదిరించడం కుదరదు. పోగొట్టుకోవడం అంటే ఏమిటో అతనికి ఎప్పుడో తెలుసు.

పారిస్‌లో బాక్సింగ్ కోసం వెళ్ళినవాణ్ణి కోచ్‌లు ఎంఎంఏ వైపు తిప్పారు. ఫెర్నాండ్ లోపెజ్ నడిపే ఎంఎంఏ ఫ్యాక్టరీ అనే జిమ్ అతని ఇల్లయింది. అప్పటికి ఫ్రాన్స్‌లో ఈ ఆట పోటీలకు చట్టబద్ధత కూడా లేదు, అది 2020లో గానీ రాలేదు. 2015 డిసెంబర్‌లో యూఎఫ్‌సీలో అడుగుపెట్టాడు. 2017లో ఆలిస్టర్ ఓవరీమ్ మీద పడ్డ ఆ ఎడమచేతి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి విసిరే గుద్దు) చూసినవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు. మరుసటి నెలలోనే మియోచిచ్ ఐదు రౌండ్లు తిప్పితిప్పి ఓడించాడు. తర్వాత డెరిక్ లూయిస్‌తో పోటీలో భయపడిపోయినట్టు నిలబడ్డాడు. అది చూసి నేను కూడా ఇతని పని అయిపోయిందనుకున్నాను. తప్పు నాదే. ఆపైన వరసగా నలుగుర్ని సెకన్లలో పడగొట్టాడు: బ్లేడ్స్ 45 సెకన్లు, వెలాస్క్వెజ్ 26, డాస్ సాంటోస్ 71, రోజెన్‌స్ట్రైక్ 20. 2021 మార్చిలో మియోచిచ్‌నే రెండో రౌండ్‌లో నాకౌట్ చేసి ఛాంపియన్ అయ్యాడు.

ఇక అసలు విషయం. యూఎఫ్‌సీ ఫైటర్లు కంపెనీ ఉద్యోగులు కారు, ‘స్వతంత్ర కాంట్రాక్టర్లు’. కానీ వేరే సంస్థలో ఆడకూడదు. ఒంటి మీద సొంత స్పాన్సర్ బొమ్మ వేసుకోకూడదు. వాళ్ళకంటూ యూనియన్ లేదు. కాంట్రాక్టులో ‘ఛాంపియన్ క్లాజ్’ అని ఒకటుంది. టైటిల్ చేతిలో ఉండగా ఒప్పందం ముగిసే వేళైతే, అది దానంతటదే పొడిగింపు అవుతుంది. అంటే ఓడినవాడు త్వరగా బయటపడొచ్చు, గెలిచినవాడు ఇరుక్కుంటాడు. గాన్‌తో పోటీ ఎన్‌గానూ ఒప్పందంలో చివరిది. తెగిన మోకాలితో గెలిచి, ఆ గెలుపు వల్లే మరికొంత కాలం బందీ అయ్యాడు.

అలాంటప్పుడు బయటికి ఎలా రాగలిగాడు? అతని కంటే ముందు కొందరు కోర్టుకెక్కారు కాబట్టి. 2014 డిసెంబర్‌లో కుంగ్ లీ, మరికొందరు ఫైటర్లు యూఎఫ్‌సీ మీద గుత్తాధిపత్యం కేసు వేశారు. ఆ కేసు నడుస్తున్న రోజుల్లోనే కాంట్రాక్టులకు ఐదేళ్ల గడువు పరిమితి వచ్చింది. ఆ పరిమితి పూర్తయ్యేదాకా ఎన్‌గానూ కూర్చున్నాడు. పోటీ లేదు, పారితోషికం లేదు, ఒక హెవీవెయిట్ శరీరంలో మంచి వయసు కరిగిపోతోంది. అయినా కూర్చున్నాడు. 2023 జనవరిలో వైట్ ప్రకటించాడు, అతన్ని వదిలేస్తున్నామని, టైటిల్ తీసేస్తున్నామని.

ఆ కేసు విచారణలో బయటపడ్డ లెక్కలు ఒకసారి చూడాలి. యూఎఫ్‌సీ ఆదాయంలో ఫైటర్లకు దక్కేది ఐదో వంతుకు అటూ ఇటూ. అమెరికా బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ లీగుల్లో ఆటగాళ్లకు దాదాపు సగం వస్తుంది. తేడా ఎక్కడుందంటే, అక్కడ యూనియన్లున్నాయి. బాక్సింగ్‌లో ప్రమోటర్ల ఆగడాలకు కళ్లెం వేసే ముహమ్మద్ అలీ చట్టం 2000లోనే వచ్చింది, ఎంఎంఏకు అది వర్తించలేదు. యూఎఫ్‌సీ చివరికి 37.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. 2025లో కోర్టు దానికి తుది ఆమోదం ఇచ్చింది.

ఎన్‌గానూ డబ్బు కోసమే పోయాడని అప్పట్లో చాలామంది అన్నారు. అతను అడిగినవాటిలో ఫైటర్లందరికీ ఆరోగ్య బీమా ఉంది, యాజమాన్యం సమావేశాల్లో ఫైటర్ల తరఫున మాట్లాడే మనిషి ఒకరు కావాలని ఉంది, సొంత స్పాన్సర్లకు అనుమతి ఉంది. తన ఒక్కడి కోసమే అయితే మొదటి రెండూ అడగాల్సిన పనేముంది?

అభిమానులకు మిగిలిన బాధ నిజమైనదే. యూఎఫ్‌సీలో మరో దిగ్గజం జాన్ జోన్స్‌తో అతని పోటీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాం, రాలేదు. యూఎఫ్‌సీ వదిలాక 2024 ఆఖరుకు అతను ఆడిన ఎంఎంఏ పోటీ ఒక్కటే. ఇది మనం పోగొట్టుకున్నది, దాన్ని అతని తప్పుగా రాయడం మాత్రం నాకు నచ్చదు. ఎందుకంటే 2023 అక్టోబర్‌లో రియాద్‌లో ఏం జరిగిందో చూశాం. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మొదటి పోటీ, ఎదురుగా అప్పటి డబ్ల్యూబీసీ (ప్రపంచ బాక్సింగ్ మండలి) హెవీవెయిట్ ఛాంపియన్ ఫ్యూరీ. మూడో రౌండ్‌లో ఫ్యూరీ కింద పడ్డాడు. చివరికి జడ్జీల్లో ఇద్దరు ఫ్యూరీకి, ఒకరు ఎన్‌గానూకు ఇచ్చారు. 2024 మార్చిలో మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ బాక్సర్ ఆంథనీ జాషువా రెండో రౌండ్‌లోనే అతన్ని ఘోరంగా పడగొట్టాడు, అదీ నిజమే. కానీ ఆ రెండు రాత్రులకూ తన ధర తానే మాట్లాడుకున్నాడు.

మన దేశం నుంచి అన్షుల్ జుబ్లీ, పూజా తోమర్ లాంటివాళ్ళు యూఎఫ్‌సీ మెట్లెక్కారు. 2024 జూన్‌లో పూజ అక్కడ గెలిచిన తొలి భారత మహిళ అయింది. వాళ్ళ వెనకాల వస్తున్న పిల్లలకు కోచ్‌లు పంచ్‌లు, పట్లు నేర్పుతారు. కాంట్రాక్ట్ ఎలా చదవాలో ఎవరు నేర్పుతారన్నది నా టెన్షన్.

2024 ఏప్రిల్‌లో ఎన్‌గానూ పదిహేను నెలల కొడుకును పోగొట్టుకున్నాడు. మళ్ళీ బరిలోకి దిగుతాడా అన్నది కూడా అనుమానమే అయింది. అక్టోబర్‌లో దిగాడు, యూఎఫ్‌సీకి పోటీగా ఉన్న పీఎఫ్ఎల్ సంస్థ తరఫున, రెనాన్ ఫెరీరా మీద. మొదటి రౌండ్‌లోనే ముగించి ఏడ్చాడు, ఈ పోటీ కొడుకు కోసమే ఒప్పుకున్నానన్నాడు. పీఎఫ్ఎల్‌తో ఒప్పందం రాసుకున్నప్పుడు అతను ఒక షరతు పెట్టించుకున్నాడు: తనతో తలపడే ప్రత్యర్థికి కూడా కనీసం 20 లక్షల డాలర్లు ఇవ్వాలని వార్తలొచ్చాయి. ఆ షరతు వర్తించిన మొదటి ప్రత్యర్థి, ఆ రాత్రి అతని పిడికిళ్ల కింద పడ్డ ఫెరీరాయే.