సవరణ: డయల్ మీది ‘పర్పెచువల్ క్యాలెండర్’ చూసి మూవ్‌మెంట్ తేల్చకండి
ఆ మాట (నెలల రోజులు, లీపు సంవత్సరాలు చూసుకుని తేదీ తానే మార్చుకుంటుందని అర్థం) ఉన్న పాత సీకో క్వార్ట్జ్ వాచీలన్నిట్లోనూ 8ఎఫ్32 అనే మూవ్‌మెంట్, అంటే వాచీని నడిపే లోపలి యంత్రం, ఉంటుందని ముందు రాశాం. అది తప్పు. కొన్నిట్లో 6ఎ32 ఉంటుంది.

కొనేముందు వెనక మూత ఫొటో అడగండి. మూత మీది మోడల్ నంబరులో గీతకు ముందున్న నాలుగక్షరాలే మూవ్‌మెంట్. 8ఎఫ్32లో సమయాన్ని కొలిచే క్వార్ట్జ్ క్రిస్టల్ సెకనుకు 1,96,608 సార్లు కంపిస్తుంది, మామూలు క్వార్ట్జ్ వాచీల 32,768కి ఆరింతలు. అందుకే ఏడాదికి 20 సెకన్లకు మించి తేడా రాదన్నది కంపెనీ లెక్క. 6ఎ32కి ఆ లెక్క వర్తించదు. 8ఎఫ్32కి సీఆర్2412 బ్యాటరీయే వేయించాలి, సుమారు పదేళ్లొస్తుంది.

బ్యాటరీ మార్చాక క్యాలెండర్ రీసెట్ చేయకపోతే తేదీ తప్పుతుంది. చాలామంది దీన్నే మూవ్‌మెంట్ పాడైందనుకుని చవగ్గా అమ్మేస్తారు.