అయిదు టాకాల పెరుగు ఎనిమిదయ్యాక

బంగ్లాదేశ్‌లో తియ్య పెరుగంటే బోగ్రా పట్టణం పేరే చెబుతారు. మట్టి మూకుళ్లలో తోడుపెట్టి అమ్మే ఆ బోగ్రాకే వెళ్లి, ఫ్యాక్టరీ పెట్టి, 2007లో ఫ్రాన్స్ కంపెనీ డానోన్ కప్పుల్లో పెరుగు అమ్మడం మొదలుపెట్టింది. తాడు బొంగరం లేని పని కాదది. పక్కన బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకు తాలూకు సంస్థలున్నాయి. 2005లో పారిస్‌లో భోజనం దగ్గర ఆ బ్యాంకు స్థాపకుడు మహమ్మద్ యూనస్, డానోన్ అధినేత ఫ్రాంక్ రిబూ అనుకున్న మాట అది. లాభమొస్తే పంచుకోవడం కాదు, తిరిగి వ్యాపారంలోనే పెట్టాలి.

పెరుగు పేరు 'శక్తి దోయి'. ఐరన్, జింక్, అయోడిన్, విటమిన్ ఎ కలిపిన 80 గ్రాముల కప్పు 5 టాకాలు (టాకా అంటే అక్కడి రూపాయి). పల్లె పిల్లలకు బలం, పాలు పోసే రైతుకు గిరాకీ, ఇంటింటికీ తిరిగి అమ్మే ఆడవాళ్లకు కమీషన్. కాగితం మీద ఇంతకన్నా ముచ్చటైన ఒప్పందం దొరకదు.

2008లో పాల ధర మండింది. కప్పు 8 టాకాలైంది. పల్లెల్లో అమ్మకాలు దాదాపు 80 శాతం పడిపోయాయి. మూడు టాకాలే కదా అని ఢాకాలో కూర్చున్నవాళ్లకు అనిపించొచ్చు. ఇద్దరు పిల్లలున్న కూలి ఇంట్లో అది రోజుకు ఆరు టాకాలు. తర్వాత 60 గ్రాముల కప్పును 6 టాకాలకు తెచ్చారు. లెక్కేసి చూడండి, గ్రాము ధర ఒక్క పైసా తగ్గలేదు. తగ్గింది కప్పే. మనకిది కొత్తేం కాదు, అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఏటేటా సన్నబడటం చూస్తూనే ఉన్నాం.

చివరికి ఢాకా షాపుల్లో ఎక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బుతో పల్లె అమ్మకాలు నిలబెట్టాల్సి వచ్చింది. దీన్ని మోసం అనను. ఫ్యాక్టరీ మూతపడితే రైతుకు పాలు కొనేవాళ్లే పోయేవారు. నాకు నచ్చనిది వేరే ఉంది. డానోన్‌కు ఈ నష్టం సముద్రంలో కాకిరెట్ట, పైగా దాంతో మంచి పేరూ వచ్చింది. సంచి భుజాన వేసుకుని, ఎండకు పులిసేలోగా కప్పులు అమ్ముకోవాల్సిన ఆవిడకు మాత్రం ధర పెరిగాక కమీషన్ పడిపోయింది. చాలామంది మానేశారు కూడా. ఆమె ఒప్పందంలో భాగస్వామి కాదు, కానీ మొదటి దెబ్బ ఆమెకే తగిలింది.

కంపెనీ, స్వచ్ఛంద సంస్థ చేతులు కలిపాయని వార్త వస్తే నేనిప్పుడు ఎంతమందికి మేలు అన్న అంకె చూడటం మానేశాను. ముడిసరుకు ధర పెరిగిన రోజున ఆ తేడా ఎవరి జేబులోంచి పోతుందో రాశారా అని వెతుకుతాను. చాలాసార్లు ఆ సంగతే ఉండదు.

ఇలాంటి ఫ్యాక్టరీలు 50 కడతామని మొదట్లో చెప్పారు. పదేళ్లు గడిచాక చూసినా బోగ్రాలో ఉన్నదొక్కటే.