ఎడమ వరుస ఖాళీ అయితేనే లారీ ఎడమకు వస్తుంది

శుక్రవారం రాత్రి బెంగళూరులోని హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి అనంతపురం, కర్నూలు దారి పట్టే కార్లలోనూ, హొసకోటె మీదుగా కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి తిరుపతికి వెళ్ళే కార్లలోనూ తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. మారతహళ్ళి నుంచో వైట్‌ఫీల్డ్ నుంచో బయలుదేరిన ఈ కార్లవాళ్ళ నోట లారీల మీద వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే: లారీవాడు కుడి వరుస వదలడు, ఎంత హారన్ కొట్టినా కదలడు. ఈ ఫిర్యాదు నిజమే. నెమ్మదిగా వెళ్ళే బండి ఎడమ వరుసలో ఉండాలని, కుడి వరుస ముందు బండిని దాటడానికేనని నిబంధన స్పష్టంగా ఉంది. కానీ దీనికి మనం చెప్పుకొనే కారణం మాత్రం నిలవదు. అంతా లారీ డ్రైవరు మొండితనమే అనుకున్నంతకాలం హారన్లు, తిట్లు, జరిమానాలు తప్ప మరో ఉపాయం మనకు తోచదు. లారీ కుడి వరుస పట్టుకోవడానికి అసలు కారణం, మన జాతీయ రహదారుల్లో చాలా చోట్ల ఎడమ వరుస లారీ నడపదగిన స్థితిలో లేకపోవడం.

దేవనహళ్ళి దాటాక బాగేపల్లి దాకా 44వ నంబరు జాతీయ రహదారి ఎడమ అంచును ఒక్కసారి శ్రద్ధగా గమనించండి. ఊరు వచ్చిన ప్రతిచోటా, యూటర్న్ దూరమని ఎదురుదారిలో వచ్చే బైకు ఒకటి తగులుతుంది. బస్సు కోసం తారు మీదే నిలబడిన జనం, వాళ్ళను ఎక్కించుకోవడానికి సిగ్నల్ కూడా లేకుండా ఆగే వ్యాను, టీకొట్టు ముందు సగం రోడ్డు మీద సగం మట్టిలో ఆపిన టిప్పర్, కొంత దూరం బాగానే సాగి ఉన్నట్టుండి తెగిపోయి వాహనాలన్నిటినీ హైవే మీదకే నెట్టే సర్వీసు రోడ్డు కూడా ఆ అంచు మీదే. చిక్కబళ్ళాపురం దగ్గర ద్రాక్ష బుట్టలు పేర్చి అమ్మేవారి ముందు వరుసగా ఆగే కార్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ కార్లు మనవే.

ఈ వరుసలో లారీ నడపడం ఏమిటో లోడు లెక్కతో చూస్తే తెలుస్తుంది. మూడు యాక్సిళ్ళ లారీకి లోడుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువును కేంద్రం 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. అంత బరువుతో గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకున్న బండిని ఒక బైకు కోసం 20కి దించి, మళ్ళీ 60కి తేవాలంటే గేర్లన్నీ దిగి ఎక్కాలి. కారులో అది కాలి బొటనవేలి పని; లారీలో అర కిలోమీటరు శ్రమ, దానికి తగ్గ డీజిల్. చాలా చోట్ల ఓనరు ట్రిప్పుకు ఇంత అని డీజిల్ లెక్క కట్టి ఇస్తాడు. తరుగు వస్తే అది డ్రైవరు బత్తాలోంచే పోతుంది. పది కిలోమీటర్లలో పదిసార్లు వేగం చంపుకోవడం కంటే, వెనక కారువాడి తిట్లు పడుతూ కుడి వరుసలో ఒకే వేగంతో పోవడం అతనికి లాభం. నిబంధనను ఉల్లంఘించడం తప్పే కావచ్చు గానీ, ఆ ఉల్లంఘన వెనక ఒక లెక్క ఉంది, ఆ లెక్క మారనిదే నడవడిక మారదు.

కార్లవాళ్ళకు మరీ విసుగు పుట్టించేది ఒక లారీ మరో లారీని దాటే దృశ్యం. దాన్ని కాగితం మీద పెట్టి చూద్దాం. ముందు లారీ 55 కిలోమీటర్ల వేగంతో, దాటే లారీ 60తో పోతున్నాయనుకుందాం. రెండింటి పొడవూ 12 మీటర్ల చొప్పున, ముందూ వెనకా 20 మీటర్ల చొప్పున ఎడం కలుపుకుంటే దాటే లారీ అదనంగా 64 మీటర్లు ముందుకు రావాలి. గంటకు 5 కిలోమీటర్ల తేడాతో అందుకు 46 సెకన్లు పడుతుంది, ఆలోగా ఆ లారీ రోడ్డు మీద ముప్పావు కిలోమీటరుకు పైగా నడుస్తుంది. సరుకు వాహనాలకు 80 దాటనివ్వని స్పీడ్ గవర్నర్ ఉండాలన్నది నిబంధన. నిండు లోడుతో వేగం అందుకోవడమూ నెమ్మదే, కాబట్టి డ్రైవరు మధ్యలో మనసు మార్చుకుని యాక్సిలరేటర్ తొక్కినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. 100తో వచ్చే కారువాడికి ఆ 46 సెకన్లు ఎంతో పొడుగ్గా అనిపిస్తాయి. లైట్లు మిణుకుమిణుకుమనిపించి, హారన్ మోగించి, చివరికి ఎడమ వైపు ఏ కాస్త సందు దొరికినా అందులోకి దూరుతాడు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ఎందుకంటే లారీకి ఎడమ కన్ను సరిగా కనబడదు. డ్రైవరు కూర్చునేది కుడి కిటికీ పక్కన, నేలకు ఎత్తులో. ఎడమ తలుపు కిందుగా, బండి ముందు ఎడమ మూలకు ఆనుకొని పోయే చిన్న కారు అతని అద్దంలోంచి పూర్తిగా మాయమైపోగలదు. ఈ లోటు తీర్చడానికి మన లారీల్లో ఒక మనిషి ఉండేవాడు. క్లీనర్ అంటే టైర్లు తట్టి చూసి, అద్దం తుడిచి, టీ తెచ్చే కుర్రవాడు మాత్రమే అనుకుంటాం. ఇరుకు దారిలో ఎడమ తలుపులోంచి సగం బయటికి వంగి, అరచేత్తో తలుపు మీద దబదబా బాదుతూ "రానీ, రానీ" అని పిలిచేదీ, బైకు దూరితే ఒక్క దెబ్బతో ఆపేదీ అతనే. బాడుగలు గిట్టుబాటు కాక చిన్న ఓనర్లు మొదట వదులుకున్న ఖర్చు క్లీనర్ జీతం. నేషనల్ పర్మిట్ బండ్లలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న షరతును కేంద్రం 2018 నవంబరులో ఎత్తివేసింది. ఇప్పుడు ఎన్నో లారీల్లో ఎడమ సీటు ఖాళీ. ఎడమ నుంచి దాటే కార్లు పెరిగిన కాలంలోనే ఎడమ చూసే మనిషి లేకుండా పోయాడు. కారు నడిపేవారు ఇందులోంచి తెలుసుకోదగినది ఒకటుంది: లారీ పక్కన సమాంతరంగా ప్రయాణించకూడదు. దాటితే పూర్తిగా దాటాలి, లేదంటే అద్దంలో డ్రైవరు ముఖం కనిపించేంత వెనక ఉండాలి. అతని ముఖం మనకు కనబడకపోతే మనమూ అతనికి కనబడం.

దాటాక జరిగే తప్పు ఇంకా తరచుగా జరుగుతుంది. లారీ ముందు 30, 40 మీటర్ల ఖాళీ కనబడగానే కారువాడు అందులోకి వచ్చి, టోల్‌గేటో స్పీడ్ బ్రేకరో చూసి ఠక్కున బ్రేకు వేస్తాడు. ఆ ఖాళీని లారీ డ్రైవరు ఎవరికోసమో వదిలిపెట్టలేదు, తన బ్రేకు కోసం ఉంచుకున్నాడు. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ప్రమాదం గుర్తించి కాలు బ్రేకు మీదకు పోయేసరికే 30 మీటర్లు దాటుతాయి. ఆపైన ఎయిర్ బ్రేకులో గాలి చక్రాలకు చేరి పట్టు అందుకోవడానికి మరికొంత. నిండు లోడు బండి ఆగేసరికి 100 మీటర్ల దాకా పడుతుంది, కారు దాదాపు మూడింట రెండు వంతుల్లో ఆగుతుంది. 2024 డిసెంబరు 21న నెలమంగల దగ్గర తుమకూరు రోడ్డులో ఒక కంటైనర్ లారీ డివైడర్ దాటి అవతలి వరుసలో పోతున్న కారు మీద బోల్తాపడి ఒకే కుటుంబంలోని ఆరుగురు చనిపోయారు. ముందున్న కారు ఒక్కసారిగా వేగం తగ్గించడంతో దాన్ని తప్పించబోయానని డ్రైవరు చెప్పినట్టు అప్పటి వార్తలు. చనిపోయినవారి తప్పు అందులో ఏమీ లేదు. ఖరీదైన కారూ, సీటు బెల్టూ అక్కడ అక్కరకు రాలేదు.

ఎడమ వరుసలో అన్నిటికన్నా ప్రాణాంతకమైనది ఆగి ఉన్న లారీ. 2023 అక్టోబరు 26 ఉదయం పొగమంచులో బాగేపల్లి వైపు నుంచి వస్తున్న ఒక సుమో చిక్కబళ్ళాపురం శివార్లలో రోడ్డు పక్కన ఆపి ఉన్న ట్యాంకర్‌ను వెనక నుంచి ఢీకొంది. 13 మంది మరణించారు. మృతుల్లో పలువురు శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల వైపు నుంచి బతుకుతెరువుకు బెంగళూరు వస్తున్నవారు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల రకాల్లో వెనక నుంచి ఢీకొనడమే అన్నిటికన్నా పెద్దది, ఐదింట ఒక వంతుకు పైగా. లారీ బ్రేక్‌డౌన్ అయితే ఏం చేస్తారో ఈ దారిలో తిరిగే వారందరికీ తెలుసు: పక్క పొలం గట్టు నుంచి ఒక వేపకొమ్మ విరిచి వెనక బంపర్‌కు గుచ్చుతారు, నాలుగు రాళ్ళు తెచ్చి పది అడుగుల వెనక పేరుస్తారు. పగలైతే కొమ్మ కనబడుతుంది. రాత్రి 100 వేగంతో వచ్చేవాడికి ఆ కొమ్మ కనబడేసరికి లారీ కూడా కనబడే ఉంటుంది, చేయగలిగింది మాత్రం మిగలదు. మరమ్మతు అయ్యాక లారీ పోతుంది, రాళ్ళు అక్కడే ఉంటాయి. వెనక ఎర్రటి రేడియం టేపు, కారు కిందికి దూరిపోకుండా అడ్డుకునే బంపరు, ముక్కోణపు హెచ్చరిక గుర్తు, ఇవన్నీ చట్టంలో ఎప్పటినుంచో ఉన్నాయి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే రోజున ఉన్న టేపు ఆరు నెలల తరువాత మట్టికొట్టుకుపోయి ఉంటుంది, ఆ బంపరు గట్టిగా ఉందో లేదో చూసేవారు ఎవరూ ఉండరు.

అయినా లారీ అక్కడ ఎందుకు ఆగింది అన్న ప్రశ్న అడగకుండా టేపుల గురించి మాట్లాడటం సగం మాటే. బెంగళూరు నగరంలోకి పగటిపూట రద్దీ వేళల్లో భారీ లారీలకు ప్రవేశం లేదు. నగరవాసులుగా మనకు అది న్యాయమే, నేనూ దాన్ని సమర్థిస్తాను. కానీ తాడిపత్రి సిమెంటు, మదనపల్లె టమోటా, చెన్నై రేవు నుంచి వచ్చిన కంటైనర్, అన్నీ తెల్లవారేసరికి నగరం గుమ్మానికి చేరి లోపలికి వదిలేదాకా ఎక్కడుండాలి? యశ్వంతపురలో లారీ టెర్మినల్ ఉంది. దేవనహళ్ళి, హొసకోటె, అత్తిబెలె వైపుల నుంచి వచ్చే బండ్లకు అది నగరం అవతలి మూల. చివరికి అవి ఆగేది హైవే ఎడమ అంచునే. లారీలను నగరం బయట తిప్పడానికే వేస్తున్న శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డులో దొబ్బస్‌పేట, దొడ్డబళ్ళాపురం వైపు భాగం అందుబాటులోకి వచ్చింది. దారి మళ్ళించడం ఒక్కటే పరిష్కారం కాదు, ఆగడానికి చోటు కావాలి: స్నానానికి నీళ్ళు, మరుగుదొడ్డి, వెలుతురు, డీజిల్ దొంగల భయం లేని కాపలా. ఇవి లేని లే-బై (బండ్లు ఆపుకోవడానికి రోడ్డు పక్కన వదిలే చోటు) ఎంత వెడల్పుగా కట్టినా డ్రైవరు దాన్ని దాటుకుని వెలుగున్న ధాబా ముందే, రోడ్డు మీదే ఆపుతాడు.

ఇంత చెప్పినంత మాత్రాన లారీ డ్రైవర్లు అమాయకులని కాదు. పలమనేరు దగ్గర మొగిలి ఘాటులోనూ, ధర్మపురి దగ్గర తొప్పూరు ఘాటులోనూ దిగుడులో డీజిల్ మిగుల్చుకోవడానికి బండిని న్యూట్రల్‌లో వదలడం ప్రాణాలతో చెలగాటం. ఇంజన్ పట్టు తెగిన బండి భారమంతా బ్రేకు మీద పడి, అది వేడెక్కి, కింద మలుపులో పట్టదు. ఎదురు బండికి డిమ్ కొట్టకపోవడం, వెనక లైటు మాడిపోయినా రోజుల తరబడి తిరగడం, పైకి కట్టిన తాడు మీద నమ్మకంతో గ్రానైటు దిమ్మెలు తోలడం, వీటికి రోడ్డు దుస్థితి సాకు కాదు.

శిక్షలు పెంచితే ఇదంతా సర్దుకుంటుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయే డ్రైవరుకు పదేళ్ళ దాకా జైలు విధించే భారతీయ న్యాయ సంహిత 106(2) మీద 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. పెట్రోలు బంకుల దగ్గర క్యూలు చూశాకే నగరాలకు ఆ సంగతి పట్టింది. 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఉపవిభాగాన్ని పక్కన పెట్టారు. పారిపోయేవాడిని సమర్థించనక్కర్లేదు. అయితే ఆగితే జనం కొడతారన్న భయం కల్పితం కాదని, తప్పు కారుదైనా దెబ్బలు తినేది పెద్ద బండివాడేనని ఈ దారుల్లో తిరిగేవారికి తెలుసు.

నిద్ర విషయం ఇంకా సూటిగా చూడవలసింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని రాసింది. అది వర్తించింది ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకు. మన లారీలు ఎక్కువగా ఒకటి రెండు బండ్ల ఓనర్లవి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేయడం మంచి పనే, కానీ పాత బండ్లలో వేసవి మధ్యాహ్నం ఇంజను పక్కన పడుకుని రాత్రి స్టీరింగ్ పట్టేవారికి దాని వల్ల ఒరిగేది లేదు.

ఇక్కడ ప్రభుత్వం చేతిలో ఇప్పటికే ఒక సాధనం ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ దాదాపు అన్ని వాహనాలకూ తప్పనిసరి. హైదరాబాదులో బయలుదేరిన లారీ ఏ టోల్‌గేటును ఎన్ని గంటలకు దాటిందో, కర్నూలు దగ్గర ఎప్పుడుందో, బాగేపల్లికి ఎప్పుడు చేరిందో నిమిషాలతో సహా నమోదవుతుంది. ఎక్కడా నాలుగు గంటల విరామం లేకుండా ఒక బండి పదహారు గంటలు నడిచిందంటే ఆ సంగతి టోలు లెక్కలోనే కనబడుతుంది. టోలు వసూలుకు పనికొచ్చే ఈ సమాచారం డ్రైవరు నిద్ర లెక్కకూ పనికొస్తుంది. ఫాస్టాగ్ బండిది, మనిషిది కాదు, కాబట్టి ఇద్దరు డ్రైవర్లున్న బండికి వారి పేర్లు నమోదు చేసే ఏర్పాటు ఉండాలి. విరామం లేకుండా నడిచిన బండి మీద నోటీసు మాత్రం డ్రైవరుకు కాక ఓనరుకూ, రేపు ఉదయానికల్లా సరుకు దించాలని గడువు పెట్టి లోడు ఎక్కించిన కంపెనీకీ వెళ్ళాలి.