ఉత్త కమ్యూనికేషన్

హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా ఎక్కడైనా నిలబడి "మా పిల్లగాడు అమెరికాల ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్ల ఎమ్మే చేస్తున్నడు" అని చెప్పి చూడండి. విన్నవాళ్లు మూడు తీర్ల అర్థం చేసుకుంటారు. మొదటి తీరు ఈసీఈ. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చిన దగ్గర్నుంచీ (ఇప్పుడది ఎన్ఐటీ) ఈ ఊళ్లో 'కమ్యూనికేషన్' అనే మాటకు ముందు 'ఎలక్ట్రానిక్స్ అండ్' అన్నది మీరు అనకపోయినా వినబడుతుంది. వెంటనే "జియోల పడుతదా, ఎయిర్‌టెల్ల పడుతదా?" అని ప్రశ్న. రెండో తీరు స్పోకెన్ ఇంగ్లిష్. "మూడు నెలల కోర్సు ఈడ గల్లీకొకటి ఉండె గదనే, గంత దూరం తోలుడేంది?" మూడో తీరువాళ్లు ఏమీ అనరు. జాలిగా చూసి చాయ్ చెప్తారు. బీటెక్‌లో బ్యాక్‌లాగులు మిగిలి ఉంటాయని వాళ్ల లెక్క.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, అంతర్జాతీయ కమ్యూనికేషన్‌కు అసలైన ప్రయోగశాల అమెరికాలో లేదు. పిల్లగాడి బాపు పొద్దున పేపరు చదివే చాయ్ దుకాణంలో ఉంది. చదివేది కొడుకైనా, ఆ చదువేందో ఊరికి ఎక్కించే పని తండ్రిది. "ఈసీఈ కాదన్నా, ఉత్త కమ్యూనికేషన్" అని రోజుకు నాలుగుసార్లు చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోతుంది. క్రెడిట్లు మాత్రం కొడుకు ఖాతాలో పడతాయి. ఏ యూనివర్సిటీ సెనేట్ కూడా ఇంతవరకు ఈ అన్యాయాన్ని చర్చకు తీసుకోలేదు.

ఇంతకూ ఆ కోర్సులో ఏముంటుంది? వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో ఇది 1968 నుంచీ ఉంది. ఎవరి మాట ఎవరికి వినబడుతుంది, ఎవరిది వినబడదు, ఎందుకు వినబడదు అన్నదే దీని సారం. 1970లలో పేద దేశాలన్నీ కలిసి యునెస్కోలో పంచాయితీ పెట్టాయి. ప్రపంచ వార్తలన్నీ మీ నాలుగు ఏజెన్సీలే రాస్తే మా సంగతి మేం చెప్పుకునే దారేదని నిలదీశాయి. ఐర్లండ్‌కు చెందిన షాన్ మెక్‌బ్రైడ్ అధ్యక్షతన కమిషన్ వేస్తే 1980లో నివేదిక వచ్చింది. 1984 ఆఖరుకు అమెరికా యునెస్కో నుంచి లేచి వెళ్లిపోయింది. వెళ్లడానికి చెప్పిన కారణాల్లో ఈ పంచాయితీ కూడా ఒకటి. 2003లో తిరిగొచ్చింది. 2018 ఆఖర్లో మళ్లీ పోయింది. 2023లో వచ్చింది. 2025లో మళ్లీ పోతానంది. పెళ్లిపందిట్లో అలిగే అల్లుణ్ని చూసి పెరిగిన వరంగల్ పిల్లలకు ఈ పాఠం చదవకుండానే అర్థమవుతుంది. అమెరికా పిల్లలకు రెండు వారాలు పడుతుంది. మనకు యునెస్కో అంటే 2021లో రామప్ప గుడికి వచ్చిన గుర్తింపు, పాలంపేట రోడ్డు మీద పెరిగిన కార్లు, అంతే. ఆ ఆఫీసులో ఇంత అలకల కథ నడిచిందని మనోడు మొదటి సెమిస్టర్‌లో తెలుసుకుంటాడు. ఇంటికి ఫోన్ చేసి చెప్తే "సరే గని, తిన్నవా?" అని అడుగుతారు.

కోర్సు ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోసపోవద్దు, అంకె చూడాలి. ఇందులో వెటకారమేమీ లేదు. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితం మీద సీఐపీ కోడ్ అని, కోర్సు ఏ కోవకు చెందుతుందో చెప్పే అంకె ఒకటుంటుంది. 09.0907 అయితే అది అంతర్జాతీయ, సాంస్కృతికాంతర కమ్యూనికేషన్. 09.0702 అయితే డిజిటల్ కమ్యూనికేషన్, మల్టీమీడియా. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, అంటే ఓపీటీ, అందరికీ 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్న కోర్సుకు ఇంకో 24 నెలలు కలుస్తుంది. ఆ జాబితాలో రెండో అంకె ఉంది, మొదటిది లేదు. పాఠాలు సగానికి సగం ఒకటే అయినా సరే, బ్యాంకు లోను కోణంలో చూస్తే ఒకటి ఇంకో 24 కిస్తీలు కట్టగలిగే చదువు, ఇంకోటి కట్టలేని చదువు. వీసా ఇంటర్వ్యూలో "ఈ కోర్సే ఎందుకు?" అని అడిగితే మాత్రం, చిన్నప్పటి నుంచీ వివిధ సంస్కృతులంటే తగని ఆసక్తి అనే చెప్పాలి. ఆ వాక్యం కన్సల్టెన్సీవాళ్లే రాసిస్తారు. పొద్దున కాజీపేటలో రైలెక్కిన నలుగురూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ దగ్గర అదే వాక్యం అప్పజెప్పితే, నాలుగోవాడికి వచ్చేసరికి ఆఫీసరే మిగతా సగం పూర్తి చేస్తాడు. సందేశం చేరిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఇక సామాను. మామూలుగా ఒక్కోటి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలకు అనుమతి ఉంటుంది. పుస్తకాలు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు, రావొద్దు కూడా. సకినాలు పెట్టేటప్పుడు జరిగే పొరపాటు ఏమిటంటే, వాటిని పడుకోబెట్టి దొంతరగా పేరుస్తారు. పైవాటి బరువంతా కిందవాటి మీద పడి, చికాగోలో డబ్బా తెరిచేసరికి అడుగు వరసలు నువ్వుల పిండిగా మారి ఉంటాయి. గాజుల డబ్బాలో గాజుల్లాగా నిలబెట్టి పేర్చాలి. సందుల్లో మరమరాలు కుక్కాలి. కాగితం కుక్కితే నూనె పీల్చుకుంటుంది, మరమరాలైతే అక్కడ తినొచ్చు. మామిడి తొక్కుది ఇంకో కథ. ఎగిరే విమానం పొట్టలో గాలి ఒత్తిడి నేల మీదకంటే తక్కువ. సీసాలో ఖాళీగా వదిలిన గాలి ఉబ్బి, నూనెను మూత సందుల్లోంచి తోసేస్తుంది. మూతకు ఎన్ని చుట్లు టేపేసినా ఆగదు. తొక్కును మందపాటి కవరులో పోసి, గాలంతా పిండేసి, వేడితో సీలు చేయించి, దానిపైన ఇంకో కవరు వేయించాలి. కోడి తొక్కు, మాంసం తొక్కు అమెరికా కస్టమ్స్ దాటవు. తినే వస్తువులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. లేవని దొరికితే జరిమానా.

ఈ సందర్భంలో మేడారం బంగారం గురించి ప్రత్యేక హెచ్చరిక. సమ్మక్క సారలమ్మ జాతరలో బెల్లాన్ని బంగారమంటామని, నిలువెత్తు తూకమేసి తల్లులకు ఇస్తామని కస్టమ్స్ ఆఫీసరుకు తెలియదు. ప్రసాదం పొట్లం చూపించి ఇదేమిటని అడిగినప్పుడు, భక్తి కొద్దీ నోరు జారి 'గోల్డ్' అనొద్దు. ఒకే మాటకు రెండు ఊళ్లలో రెండు తూకాలు ఎట్లా ఉంటాయన్నది ఆ బల్ల దగ్గర ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. దాని మీద మనవాళ్లు పరిశోధన పత్రం రాస్తారా అంటే రాయరు. కె-పాప్ మీద రాస్తారు.

విమానం ఎక్కకముందే వాట్సాప్ గ్రూపులో రూము ఖాయమైపోతుంది. హన్మకొండ, జనగామ, హుజూరాబాద్, ములుగు నుంచి ఒక్కొక్కరు. డబుల్ బెడ్‌రూమ్, నలుగురు, హాల్లో పడుకునేవాడికి కిరాయి కొంచెం తక్కువ. తమలాంటివాళ్లనే వెతుక్కుని మనుషులు చుట్టూ చేర్చుకునే ఈ గుణానికి లజార్స్‌ఫెల్డ్, మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1954లో 'హోమోఫిలీ' అని పేరు పెట్టారు. మనం 'మనోళ్లు' అంటాం. పదమూడు వేల కిలోమీటర్లు ఎగిరి, ప్రపంచంతో మాట్లాడటం నేర్చుకోవడానికి వెళ్లిన మనిషి మొదటి ఆర్నెల్లు గిన్నెలు తోమే వంతు గురించి హుజూరాబాద్‌తో మాట్లాడతాడు. అప్పటికీ నేరుగా మాట్లాడడు. ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో 'అల్లం 1.49 డాలర్లు, నలుగురికి' అని రాస్తాడు. అవతలివాడు 'నేను అల్లం తినను' అని అందులోనే జవాబిస్తాడు. ఇద్దరి మంచాల మధ్య దూరం నాలుగడుగులు. మనుషుల మధ్య దూరాలను కొలిచిన ఎడ్వర్డ్ హాల్ లెక్కలో నాలుగడుగుల లోపు ఉంటే స్నేహితుల దూరం. ఆయన స్ప్లిట్‌వైజ్ చూడలేదు.

క్లాసులో మొదటి గండం ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవడం. ఆయనే "కాల్ మీ మార్క్" అంటాడు. పెద్దాచిన్నా తేడాను జనం ఎంత మామూలుగా తీసుకుంటారో హాఫ్‌స్టెడ్ అనే ఆయన దేశాలవారీగా కొలిచి ఇండియాకు 77 వేశాడు, అమెరికాకు 40. ఆ 37 మార్కుల లోయ అంచున నిలబడి మనోడు 'డియర్ మార్క్ సార్' అని టైప్ చేస్తాడు. కొట్టేస్తాడు. 'రెస్పెక్టెడ్ మార్క్' అని రాస్తాడు. అదీ కొట్టేస్తాడు. చివరికి పలకరింపే లేకుండా "అసైన్‌మెంట్ ఈజ్ అటాచ్డ్" అని పంపిస్తాడు. మర్యాద ఎక్కువై రాసిన ఆ మెయిల్ అక్కడ చదివితే పొగరులా కనిపిస్తుంది. రెండో గండం 'చూద్దాం' అన్న మాట. గ్రూపు వర్కులో ఆదివారం కలుద్దామా అని కొలంబియా దేశపు అమ్మాయి అడిగితే మనోడు "విల్ సీ" అంటాడు. వరంగల్ జిల్లా మొత్తంలో 'చూద్దాం' అంటే రాననే. ఆమె నిజంగానే వెళ్లి లైబ్రరీలో రెండు గంటలు కూర్చుంటుంది. మాటలో సగం, సందర్భంలో సగం అర్థం పెట్టే ఈ పద్ధతి గురించి తర్వాతి వారమే పాఠం ఉంటుంది. దాని మీద క్లాసువాళ్ల ఆన్‌లైన్ చర్చాఫలకంలో బుధవారం లోపల ఒక పోస్టు, ఆదివారం లోపల ఇద్దరికి జవాబులు రాయాలి. మనోడు ఆదివారం రాత్రి 11:50కి "నీ దృక్కోణం నాకు బాగా నచ్చింది" అని ఇద్దరికీ ఒకే జవాబు అతికిస్తాడు. ఆ ఇద్దరిలో ఒకరు జనగామ.

నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిరుగుతుంది. తూర్పు తీరానికీ మనకూ తొమ్మిదిన్నర గంటలున్న తేడా పదిన్నర అవుతుంది. అప్పటిదాకా మన రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే అక్కడ పొద్దున పదిన్నర, పిల్లగాడు లేచి ఉండేవాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర, క్లాసులో ఉంటాడు, ఎత్తడు. నర్సంపేటలో ఉన్న అవ్వ దీన్ని గడియారానికి ముడిపెట్టదు. "పోరడు మారిపోయిండు" అని తీర్పు చెప్తుంది. మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరిగి, పోరడు మళ్లీ మంచోడవుతాడు. మధ్యలో నాలుగు నెలలు అవ్వ పడే పరేషాన్ ఏ సిలబస్‌లోనూ లేదు.

బతుకమ్మ నాడు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఒక బల్ల, ఐదు నిమిషాల సమయం ఇస్తుంది. తంగేడు, గునుగు అక్కడ దొరకవు. ఆ రుతువులో దుకాణాల్లో చామంతి కుండీలు చవకగా ఉంటాయి కాబట్టి మూడు కుండీలు కొని పూలు తెంపి పేర్చాలి. తొమ్మిది రోజుల పండుగను ఐదు నిమిషాల్లో వివరించమంటే పాపం ఏ పిల్లయినా "పూలతో చేసే దీపావళి" అనే అంటుంది. అబద్ధమే, కానీ చప్పట్లు పడతాయి. నిమజ్జనానికి పద్మాక్షి గుండం లేదు, క్యాంపస్ చెరువులో వేయడానికి అనుమతి లేదు. మిగిలింది బాత్‌టబ్. చామంతి రెక్కలు గొట్టంలో చిక్కుకుని నీళ్లు నిలిస్తే బాగుచేయించిన బిల్లు అద్దెదారుల మీద పడుతుంది. కాబట్టి సాగనంపాల్సింది బకెట్‌లో, నీళ్లు వంపాల్సింది జల్లెడ మీద.

చివరగా థీసిస్. మనుషులను ప్రశ్నలడిగే పరిశోధన అయితే ముందు ఐఆర్‌బీ, అంటే యూనివర్సిటీలో అలాంటి పరిశోధనలను పరిశీలించే కమిటీ, అనుమతి తెచ్చుకోవాలి, ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేయాలి. అది వచ్చేసరికి సమయం అయిపోతుంది కాబట్టి అందుబాటులో ఉన్నవాళ్లనే అడుగుతారు. అందుబాటులో ఉండేది ముగ్గురు. 'గత సెమిస్టర్‌లో తెలుగు రానివాళ్లతో మీరు జరిపిన అతి పొడవైన సంభాషణ ఏది?' అన్న ప్రశ్నకు జనగామ ఊబర్ డ్రైవర్ అని, ములుగు వాల్‌మార్ట్ కౌంటర్ అని రాస్తే, హుజూరాబాద్ 'ఫైరింజన్ వాళ్లతో 35 నిమిషాలు' అని రాస్తాడు.

నిజమే. పొయ్యి పైనుండే చిమ్నీ చాలా అపార్ట్‌మెంట్లలో పొగను బయటికి పంపదు, జల్లెడ పట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఎండుమిర్చి పోపు వేయగానే గదిలో అలారం మోగుతుంది. కంగారులో వరండాలోకి తెరుచుకునే తలుపు తీస్తారు. అదే తప్పు. మామూలుగా గదిలో అలారం గదికే మోగుతుంది, వరండాలో అలారం మోగితే భవనమంతా ఖాళీ. కిటికీ తీయాలి, మిర్చి ఆఖరున వేసి మూత పెట్టాలి. తలుపు తీసినందుకు ఆ రోజు ఏడు దేశాలవాళ్లు చలిలో కిందికి దిగి నిలబడి, ఒకరినొకరు మొదటిసారి చూసుకుని, ఏమైందని అడుగుతారు. పప్పు చారు, సర్వపిండి, ఎల్లిపాయ కారం, అన్నీ చర్చకు వస్తాయి. సమాచార ప్రసారంలో రొద అనేది సందేశాన్ని చెడగొడుతుందని గణిత శాస్త్రవేత్త షానన్ 1948లో అన్నాడు. ఇక్కడ సందేశమే రొదతో వచ్చింది.

కాబట్టి పెట్టెలు సర్దే తల్లిదండ్రులకు ఒక మనవి. 2025లో వరంగల్ చపాట మిర్చికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందన్న అభిమానంతో అది మాత్రం కట్టి పంపకండి. ఎర్రటి రంగే తప్ప దానికి పెద్దగా ఘాటు లేదు, అలారం మోగదు. ఎనుమాముల మార్కెట్‌లో తేజ రకం అడగండి, అరకిలో చాలు.